రంగు చూసి కొంటే మిగిలేది ఖాళీ తొట్టే

పల్లెల నుంచి పట్నం వెళ్లే వారికి అమీర్‌పేట, పంజాగుట్ట కొత్త చోట్లు కావు. డిగ్రీ ముగించిన పిల్లలు కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేట హాస్టళ్లలో దిగుతారు. ఇంట్లో పెద్దలకు జబ్బు ముదిరితే పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి తీసుకుపోతారు. పని ముగిసి బస్సుకు ఇంకా వేళ ఉంటే రంగు చేపల దుకాణం ముందు నిలబడని వారు అరుదు. మంచినీటి చేపల పక్కనే సముద్రపు చేపలు కూడా ఉంటే ఇక పిల్లలు కదలరు. నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేపను 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా ఇంటింటి చేపను చేసింది. దాని పక్కన ఒక నీలం రంగుది, ఒక పసుపు రంగుది, విసనకర్రలాంటి రెక్కలున్నది మరొకటి. రంగుకొకటి చొప్పున సంచిలో వేయించుకుని ఇల్లు చేరుతున్నారు. పక్షం తిరగక ముందే ఒక్కొక్కటి తేలిపోతోంది. నీరు పడలేదని కొందరు, దిష్టి తగిలిందని కొందరు సరిపెట్టుకుంటున్నారు.

చాలా సందర్భాల్లో జరుగుతున్నది వేరు. చేపలు కొన్నారు గాని, వాటి పొత్తు చూడలేదు.

నిజానికి ఈ విషయం పల్లెవారికి ఒకరు చెప్పవలసింది కాదు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రవ్వ నడినీటిలో మేస్తుంది, మ్రిగాల అడుగున మేస్తుంది. ఒకదాని కూటికి మరొకటి అడ్డు రాదు గనుకనే ఆ మూడింటినీ కలిపి చెరువులో వదులుతారు. కొర్రమీను, వాలుగ ఉన్న నీటిలో చేపపిల్లలు వదిలితే వాటికి విందు పెట్టినట్టేనని చెరువు మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. ఇంత తెలిసిన మనిషి పట్నం దుకాణం మెట్లెక్కగానే రంగు తప్ప మరేమీ అడగకపోవడం విచిత్రమే.

చెరువులో పొత్తు కుదరకపోయినా పారిపోయే చోటుంటుంది. వంద లీటర్ల గాజు తొట్టిలో ఆ అవకాశం లేదు. డామ్సెల్ అనే నీలి చేపనే చూడండి. బొటనవేలంత ఉంటుంది, ధర తక్కువ, గట్టి పిండం. అందుకే కొత్తవారు మొదట దాన్నే కొంటారు. అది నాలుగు రోజుల్లో తొట్టి అంతా తనదే అనుకుంటుంది. తరువాత వచ్చిన ప్రతి చేపనూ రెక్కలు చిరిగేదాకా తరుముతుంది. రెక్కల అందగత్తె లయన్ ఫిష్‌కు ముళ్లలో విషం ఉంటుంది, నోట పట్టిన చేపనల్లా మింగుతుంది. ఇక టాంగ్ జాతి చేపలు దుకాణంలో అరచేతిలో పట్టేంతే ఉన్నా, నీమో సినిమాలోని నీలి టాంగ్ ఎదిగితే అడుగు పొడవు దాకా వస్తుంది. రోజంతా ఈదే చేప అది. దాన్ని చిన్న తొట్టిలో ఉంచడం ఎద్దును కోళ్ల గూట్లో కట్టేసినట్టే.

మరి చిన్న తొట్టికి ఏవి తగును? క్లౌన్ చేపలు రెండు. మూడోది వద్దు. వాటి కాపురం ఆడపెత్తనం. జంటలో పెద్దది ఆడది, చిన్నది మగది. ఆడది చచ్చిపోతే మగదే ఆడదిగా మారుతుంది. మధ్యలో మూడోదాన్ని వదిలితే తరిమి చంపేదాకా ఊరుకోకపోవచ్చు. వాటికి తోడుగా అడుగున తిరిగే గోబీ చేప ఒకటి చాలు. కొన్ని గోబీలకు పిస్టల్ రొయ్యతో ఉన్న స్నేహం చూడముచ్చటగా ఉంటుంది. చూపు సరిగా ఆనని రొయ్య బొరియ తవ్వుతుంది, గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య తన మీసం ఒకటి గోబీకి ఆనించి ఉంచి, అది కదలగానే లోపలికి దూరుతుంది. గుడ్డివాడు, కుంటివాడు కలిసి ప్రయాణం చేసిన కథ పెద్దలు చెప్పేదే గదా. వంద లీటర్లకు ఇంతకు మించి ఆశపడరాదు. సినిమాలో ఉందని సముద్రపు పువ్వును కూడా కొనమంటారు. అది లేకున్నా క్లౌన్ చేప హాయిగా బతుకుతుంది. దానికి గట్టి వెలుతురు కావాలి, పైగా పక్క చేపలను కుట్టగలదు.

వదిలే వరుస కూడా ముఖ్యమే. సాధువైన చేప ముందు, దుడుకుది చివర. ముందు వచ్చింది చోటు చూసుకుని స్థిరపడితే వెనక వచ్చింది కొంత తగ్గి ఉంటుంది. దాక్కోవడానికి రాళ్ల సందులు తప్పనిసరి.

నీటి సంగతి తెలియకపోతే ఎంత మంచి పొత్తైనా నిలవదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వంటింటి ఉప్పు కలిపితే ఆ నీరు కాదు, దానికి వేరే ఉప్పు అమ్ముతారు. తొట్టిలో నీరు ఆవిరై తగ్గినప్పుడు మళ్లీ ఉప్పునీరు పోయడం చాలామంది చేస్తున్న పొరపాటు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఆ లోటుకు మంచినీరే పోయాలి. కొత్త తొట్టిలో చేపల మలం విషంగా మారకుండా చూసే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి, చేపలు ఒకే రోజు కొన్నవారు నష్టపోయేది ఇక్కడే.

ఇందులో దుకాణదారుల బాధ్యత లేదనలేము. ఆరు వారాలాగి రమ్మంటే కొనేవాడు పక్క దుకాణానికి పోతాడన్నది వారి భయం. అది నిజమే కావచ్చు. కాని పురుగుమందు డబ్బా మీద ఏ పైరుకు ఎంత వాడాలో రాసి ఉంటుంది. ప్రాణమున్న చేపకు ఆ పాటి చీటీ కూడా లేకపోవడం న్యాయం కాదు. ఎంత ఎదుగుతుంది, ఏమి తింటుంది, దేనితో పడదు అన్న మూడు ముక్కలు తెలుగులో రాసి తొట్టికి అంటిస్తే చాలు. సముద్రంలో పట్టినదా, తొట్టిలో పుట్టినదా అన్నదీ చెప్పాలి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలకు తొట్లలోనే పిల్లలు చేయించే పద్ధతి రూపొందించారు. అలా పుట్టినవి గుళికల మేతకు అలవాటుపడి ఉంటాయి. సముద్రం నుంచి తెచ్చినవి కొన్ని మేత ముట్టక ఎండిపోతాయి. సముద్రపు గుర్రాలు, పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చాయి. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా వద్దనడమే మంచిది.

పల్లెకు తీసుకుపోయేవారు కరెంటు మాట మరువరాదు. పంపు ఆగితే ఉప్పునీటి చేపలకు త్వరగా ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొన్నాకే చేపలు కొనాలి. సంచిని ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టవద్దు. ఇంటికి చేరాక సంచిని పావుగంట తొట్టి నీటిలో తేలనిచ్చి, ఆ తరువాత తొట్టి నీటిని కొద్ది కొద్దిగా సంచిలో పోసి అలవాటు చేయాలి.

పోషణ బరువైతే వాటిని దుకాణానికే తిరిగి ఇవ్వాలి. సముద్రపు చేప చెరువులో పడితే చచ్చిపోతుంది. మంచినీటి రంగు చేపల సంగతి అంతకంటె చెడ్డది. తొట్టి అద్దాల పాచి తింటుందని ఇళ్లలో పెంచిన సక్కర్ చేప చెరువుల్లోకి, నదుల్లోకి చేరి, గట్టి పొలుసులతో, ముళ్లతో మత్స్యకారుల వలలు చింపుతోంది. దాన్నే ఇప్పుడు దెయ్యపు చేప అంటున్నారు.