దిష్టి కాదు, అమ్మోనియా

కొత్తగా అక్వేరియం పెట్టిన ఇంట్లో పది రోజులయ్యాక వినిపించే మాటలు రెండే. ఒకటి: "మాకు చేపలు అచ్చిరావండీ." రెండోది: "పోనీలే, ఇంటికి తగలాల్సిన దిష్టి అది పట్టుకుపోయింది."

పాపం, ఆ చేప ఎవరి దిష్టీ పట్టుకుపోలేదు. తను వదిలిన అమ్మోనియాలోనే ఊపిరాడక పోయింది. ఈ వారం కోడింగ్ కబుర్లకు సెలవిచ్చి, ఈ సంగతి చెప్పుకుందాం. ఎందుకంటే మీలో చాలామంది రీల్స్‌లో రంగురంగుల ట్యాంకులు చూసి "మనమూ పెడదాం బ్రో" అనుకునే దశలో ఉంటారు.

మా హాల్లో ఉన్నది నాలుగడుగుల ట్యాంకు. దాదాపు 200 లీటర్ల నీళ్లు. స్టాండు, రాళ్లు, అద్దం అన్నీ కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది కాబట్టి గోడవారగా, నేల సమంగా ఉన్నచోటే పెట్టాను. చేపలు సిక్లిడ్లు. ఆస్కార్, ఏంజెల్, ఫ్లవర్‌హార్న్, చివరికి మన చెరువుల్లో దొరికే తిలాపియా కూడా ఈ కుటుంబమే. నేను ఎంచుకున్నవి ఆఫ్రికాలోని మలావీ సరస్సు రకాలు. రాళ్ల సందుల్లో బతికే వీటిని అక్కడ 'ఎంబునా' అంటారు. షాపుల్లో 'ఎలక్ట్రిక్ ఎల్లో' పేరుతో అమ్మే పసుపు చేప వాటిలో ఒకటి.

బోరు నీళ్లే బంగారం

మలావీ సరస్సు నీళ్లలో ఖనిజాలు ఎక్కువ, పీహెచ్ 8కి అటూఇటూ ఉంటుంది. మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లకి గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుందని అందరూ తిట్టుకుంటాం. ఈ చేపలకి కావాల్సింది సరిగ్గా అలాంటి నీళ్లే. "మంచి నీళ్లు పోద్దాం" అని ఆర్వో నీళ్లు పోస్తే ఖనిజాలు లేక వీటికి ఇబ్బంది. మునిసిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేయాలి. క్లోరిన్ చేపల్నే కాదు, మనకి కావాల్సిన బాక్టీరియానీ చంపుతుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది అసలైన విషం. ఏది ఎంత ఉంటుందన్నది పీహెచ్ చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే విషం వాటా సుమారు అర శాతం. పీహెచ్ 8 అయితే ఐదు శాతం పైనే. అంటే కిట్‌లో అదే అంకె కనిపించినా ప్రమాదం దాదాపు పది రెట్లు! అందుకే సిక్లిడ్ ట్యాంకులో "ఫిల్టర్ ఒకరోజు తిప్పి, రేపు చేపలేసేయండి" అన్న సలహా మరీ ప్రమాదం.

పాలకి తోడు, ట్యాంకుకి బాక్టీరియా

పాలు పెరుగవ్వాలంటే ఏం చేస్తాం? తోడు వేసి, కదపకుండా వదిలేస్తాం. ట్యాంకూ అంతే. ఒకరకం బాక్టీరియా అమ్మోనియాని తిని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. ఇంకోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది మోతాదు మించకపోతే పర్వాలేదు, వారంవారం కొన్ని నీళ్లు మార్చి బయటికి పంపేయొచ్చు. ఈ రెండు రకాలూ ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో, రాళ్ల మీద కాపురం పెట్టేదాకా ఆగడమే సైక్లింగ్.

మరి చేపల్లేకుండా అమ్మోనియా ఎక్కణ్నుంచి వస్తుంది? మనమే వేస్తాం. నేను వాడింది అమ్మోనియం క్లోరైడ్. పూర్వం ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్లు వాడిన నవాసారం ఇదే. ట్యాంకుకి మాత్రం ల్యాబ్‌లో వాడే శుభ్రమైన రకం తీసుకోవాలి. 200 లీటర్లకి సుమారు ఒకటింపావు గ్రాము వేస్తే కిట్‌లో అమ్మోనియా 2 పీపీఎం చూపిస్తుంది. హీటర్ 28 డిగ్రీలు, ఎయిర్ పంపు ఆన్, లైటు ఆఫ్. ఇక రోజూ చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసి రంగు చూడటమే పని.

నా గూగుల్ షీట్‌లో రాసుకున్నది ఇదీ:

మొదటి ఎనిమిది రోజులు: అమ్మోనియా 2 దగ్గరే. ఏ మార్పూ లేదు.

9వ రోజు: నైట్రైట్ గొట్టంలో లేత నీలం పోయి తొలిసారి ఊదా ఛాయ.

17వ రోజు: వేసిన అమ్మోనియా ఒక్కరోజులో మాయం. నైట్రైట్ మాత్రం ముదురు ఊదా, చార్టులో చివరి గడి.

34వ రోజు: 2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ ఎర్రగా మెరిసింది.

మా భాషలో చెప్పాలంటే, యూజర్లు రాకముందే చేసిన లోడ్ టెస్ట్ ఇది. అది పాసయ్యాక సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్ తగ్గించి, అప్పుడు చేపలు తెచ్చాను.

వాడి ప్రశ్న

ఈ 34 రోజుల్లో నన్ను ఎక్కువ సతాయించింది మా అక్క కొడుకు. ఎనిమిదేళ్లు. వచ్చినప్పుడల్లా "మామయ్యా, చేపలు కాదా, నీళ్లు పెంచుతున్నావా?" అని ఒకటే నవ్వు. కానీ నేను ఆగింది వాడి కోసమే.

అంతకు ముందు ఏడాది ఎవరిదో పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్ట్‌గా వాడికి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ ఇచ్చారు. ఫిల్టర్ లేదు, ఏమీ లేదు. ఐదో రోజుకి తేలిపోయింది. పెద్దవాళ్లు దిష్టి అన్నారు, వదిలేశారు. వాడు మాత్రం నాకు ఫోన్ చేసి, "నేను పేరు పెట్టి ఎక్కువసార్లు పిలిచాను, అందుకా?" అని అడిగాడు. ఆ పసివాడు ఒక రసాయన చర్యని తన తప్పుగా నెత్తినేసుకున్నాడు. "అచ్చిరాలేదు" అనే మాట మనకి ఓదార్పు కావచ్చు. కానీ కారణం తెలియనంతకాలం తర్వాతి చేపకీ అదే గతి. పక్కన పిల్లలుంటే, వాళ్లకి మిగిలేది భయం.

ఇప్పుడు వాడే కిట్ చూసి అంకెలు చెబుతాడు. నైట్రేట్ పరీక్షకి రెండో సీసా బాగా కుదపాలని నాకే గుర్తు చేస్తాడు.

"గట్టి చేప"తో మొదలెడదామా?

చవక చేప రెండు వేసి, అవి వదిలే అమ్మోనియాతో సైకిల్ పూర్తిచేయమని కొందరు చెబుతారు. ఆ రెండు చేపలూ వారాల తరబడి మంటలో ఉన్నట్టే. పైగా సిక్లిడ్లు జాగా కోసం కొట్టుకునే రకం. ముందొచ్చినవి రాళ్లన్నీ ఆక్రమించేసి, తర్వాత వచ్చినవాటిని తరిమి తరిమి కొడతాయి. చేపల్లేకుండా సైకిల్ చేస్తే గుంపుని ఒకేసారి దింపొచ్చు. నేను 12 పిల్లల్ని ఒకే సాయంత్రం వదిలాను. ఎవరికీ పాత పట్టా లేదు కాబట్టి గొడవలూ తక్కువే.

తర్వాత పాటించాల్సినవి మూడే. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఫిల్టర్ గంటల తరబడి ఆపొద్దు, ఆక్సిజన్ లేకపోతే ఆ బాక్టీరియా చస్తుంది. సైకిల్ అయ్యాక చేపలు ఆలస్యమైతే అమ్మోనియా కొంచెం కొంచెం వేస్తూ ఉండండి, వాటికీ ఆకలేస్తుంది.

అన్నట్టు, తోడు దొరికితే ఇన్ని రోజులు అక్కర్లేదు. మా ఆఫీసులో ఒకతనికి నా ఫిల్టర్ స్పాంజి సగం కోసి, తడి ఆరకుండా కవర్లో పెట్టి ఇచ్చాను. అతని ట్యాంకు 12 రోజుల్లో రెడీ. కాబట్టి షాపుకి వెళ్లేముందు, ఆరోగ్యమైన ట్యాంకు ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉన్నారేమో చూడండి. పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి పెరుగు తోడు అడిగినట్టే అడగండి. అడగడంలో మొహమాటమేముంది?