పేరొచ్చాక వినడం మానేశాం

గొప్ప ఆల్బమ్‌ను జనం మరిచిపోతే పెద్ద నష్టం లేదు, ఎప్పుడో ఎవరో తవ్వి తీస్తారు. దాన్ని ఏదో ఒక పనికి వాడుకోవడం మొదలైతేనే ముప్పు.

మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’నే చూడండి. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో రికార్డు చేశారు. వాయించేవాళ్లకు మైల్స్ ఇచ్చినవి స్వరాల వరసల సూచనలే. తక్కినది చాలావరకు అక్కడికక్కడ పుట్టిన మనోధర్మం. అలాంటి జాజ్ సంగీతం ఇవాళ కాఫీ షాపుల్లో కప్పుల చప్పుడు కింద నలుగుతోంది. ఆ సందడిలో ‘సో వాట్’ ఆరంభం ఎవరి చెవినా పడదు. పియానో, బేస్ గుసగుసలాడుకుంటున్నట్టు మొదలవుతాయి. తర్వాత బేస్ ఒక ప్రశ్న వేస్తుంది, తక్కినవాళ్లు రెండే స్వరాల్లో జవాబిస్తారు. ఆ సంవాదం ముగిసి ట్రంపెట్ అందుకునే క్షణాన డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. కాస్త గట్టిగానే పడింది. దాని మోత ట్రంపెట్ మొదటి స్వరాల వెనక చాలాసేపు సాగుతుంది. ఆ ఒక్క దెబ్బ కోసమే ఈ శ్రోత ఆ ట్రాక్‌ను మళ్లీ మొదటికి తిప్పుతుంటాడు.

పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973) అయితే ఏకంగా టీషర్టు అయిపోయింది. దాని అట్ట మీది పట్టకం బొమ్మ తొడుక్కున్న కుర్రాళ్లలో రికార్డు రెండు వైపులా వరసగా విన్నవాళ్లు ఎందరున్నారో అనుమానమే. మొదటి వైపు చివర క్లేర్ టోరీ అనే గాయని ఆలాపన ఉంది. సాహిత్యం లేదు, గొంతుతోనే ఏదైనా చెయ్యమన్నారు. చేసింది. అప్పుడు ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. రచనలో వాటా కోసం కోర్టుకెక్కితే, 2005లో రాజీ కుదిరింది. రికార్డు తిప్పగానే వచ్చే పాట పేరు ‘మనీ’! ఆ పాట ఏడు లెక్క మీద నడుస్తుంది. మిశ్రచాపు అలవాటున్న చెయ్యి దాన్ని ఇట్టే పట్టేస్తుంది, గిటార్ సోలోలో లెక్క నాలుగుకు మారగానే తడబడుతుంది.

పేరున్న ప్రతిదానికీ తలూపాలనేం లేదు. బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ (1967)లో జార్జ్ హారిసన్ భారతీయ వాద్యాలతో చేసిన పాట తప్ప ఈ శ్రోతకు మిగిలింది తక్కువ.

అదే కాలపు ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ మాత్రం ఎన్నిసార్లు విన్నా పాతబడదు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కశ్మీరు లోయలో ఒక గొర్రెలకాపరి దినచర్య అది, తెల్లవారుజాము రాగంతో మొదలై రాత్రికి చేరుతుంది. ఫోన్‌లో షఫుల్ నొక్కితే సాయంత్రం అయ్యాక తెల్లవారుతుంది.

మనవాళ్ల చేతిలో ఎక్కువ అన్యాయమైంది ఘంటసాల భగవద్గీతకు. ఆయన జీవితం చివర్లో చేసిన పెద్ద పని అది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. శ్లోకం రాగంలో, వెంటనే తాత్పర్యం తేట తెలుగు వచనంలో. పాటలోంచి మాటలోకి, మాటలోంచి పాటలోకి ఆ గొంతు ఎక్కడా అతుకు కనపడకుండా దిగుతుంది, ఎక్కుతుంది. మరి మనమేం చేశాం? అంతిమయాత్ర బండికి కట్టేశాం. వీధిలో ఆ గొంతు వినపడితే తలుపు తీసి “ఎవరు పోయారండీ?” అని అడుగుతాం. గీత చెప్పింది మాత్రం నిక్షేపంగా బతికున్న మనిషికి, విల్లు కింద పెట్టి కూలబడ్డవాడికి.

ఈ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ దాన్ని మొదటినుంచి పెట్టండి. పక్కింటివాళ్లు కంగారుపడి వస్తే, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పి వాళ్లనీ కూర్చోబెట్టండి.