రామదాసు కంటె ముందు దమ్మక్క

వేంసూరు: శ్రీరామనవమికి మన పల్లెల నుండి భద్రాద్రి వెళ్లే భక్తులకు రామదాసు కథ కంఠోపాఠమే. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు పైకంతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాల పాలయ్యాడు.

కాని అంతకు ముందే స్వామిని పుట్టలో కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణం. ఎడమ తొడపై సీతమ్మతో, నాలుగు చేతులతో కొలువైన వైకుంఠరామునికి తొలి గుడి ఆ పందిరే.

విమానంపై ఎనిమిది ముఖాల సుదర్శన చక్రానికి మొక్కే మనం ఆ పందిరిని మరువరాదు. రాతిగుడి తన కథ తానే చెప్పుకుంటుంది. పందిరికి మన నోటిమాటే ఆధారం. పెద్దలు పిల్లలకు చెప్పే కథ దమ్మక్కతోనే మొదలు కావాలి. అడవి అంచున బతికే మనమే మరిస్తే ఇంకెవరు చెబుతారు?