విచర్ 3 కొనాలా, రెడ్ డెడ్ 2 కొనాలా?

డబ్బులు ఒక్కదానికే ఉన్నాయా? అయితే రేటింగులు పక్కనపెట్టి గుర్రాల్ని చూడండి. ‘ది విచర్ 3’ (2015)లో ఈల వేస్తే చాలు, రోచ్ ఎక్కణ్ణుంచో ఊడిపడుతుంది (ఒక్కోసారి ఇంటికప్పు మీద కూడా!). ‘రెడ్ డెడ్ రిడంప్షన్ 2’ (2018)లో గుర్రానికి మేత పెట్టాలి, ఒళ్ళు తోమాలి, దూరంగా ఉంటే ఈల వినపడదు, చస్తే ఇక అంతే. వేటాడిన జింక తోలు వలవడం కూడా ఓపిగ్గా చూడాల్సిందే. 1899 నాటి అమెరికాలో బతుకుతున్నట్టే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆఫీసు నుంచొచ్చి పిల్లల్ని పడుకోబెట్టాక నాకు మిగిలేది ఒక్క గంట. అది గుర్రం తోమడానికే సరిపోతే ఇక ఆడేదెప్పుడు? అదే గంటలో విచర్‌లో ఒక రాక్షసుడి పని పట్టొచ్చు, వాడి వెనకున్న కథతో సహా. బ్లడీ బారన్ కథ ఒక్కటి చాలు, పెట్టిన డబ్బులకి. పైగా రెడ్ డెడ్‌కి పీసీలో 150 జీబీ ఖాళీ చెయ్యాలి. నా ఓటు విచర్‌కే. సెలవులు దండిగా ఉన్నవాళ్ళు ఆర్థర్ మోర్గాన్ వెంట వెళ్ళండి :)