వేగుచుక్క మీద అంత ఖర్చా?

శుక్రగ్రహం చుట్టూ తిరిగే నౌకను పంపేందుకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో రూ.1,236 కోట్లు మంజూరు చేసింది. 2028 మార్చిలో ప్రయోగించాలన్నది ఇస్రో లక్ష్యం. ఆ గ్రహం సంగతి తెలిసినవారు ‘అక్కడేముందని?’ అని అడగడం సహజమే. నేల మీద వేడి 460 డిగ్రీల సెల్సియస్ పైమాటే; సీసం కరగడానికి 327 చాలు. గాలి ఒత్తిడి మన దగ్గరికంటే తొంభై రెట్లు ఎక్కువ. మబ్బుల నిండా సల్ఫ్యూరిక్ ఆమ్లం. మనిషి కాలుమోపే ప్రసక్తే లేదు కాబట్టి ఇక్కడ పణంగా పెట్టేది ప్రాణాలు కాదు; డబ్బు, యంత్రాలు, ఏళ్ల శ్రమ. అంతవరకైతే పెట్టాల్సిందే అంటాను. అంత క్రూరమైన చోటు కావడమే అందుకు కారణం.

ఈ పందెంలో ఓడినా ఏం మిగులుతుందో సోవియట్ యూనియన్ చవిచూసింది. 1967లో వెనెరా-4 నేలకు పాతిక కిలోమీటర్ల ఎత్తులోనే మూగబోయింది. తర్వాతి రెండూ కిందికి చేరకముందే పోయాయి. అయితే అక్కడి గాలి ఎంత చిక్కనిదో చెప్పింది అవే. ఆ లెక్కలతోనే వెనెరా-7 గోళాన్ని టైటానియంతో దిట్టంగా కట్టారు. 1970 డిసెంబరు 15న దిగుతుండగా పారాచూట్ దెబ్బతిని, నౌక దభీమని నేలను తాకింది. ఇక అంతే అనుకున్నారు. తర్వాత టేపులను మళ్లీ జల్లెడపడితే, రొదలో కలిసిపోయిన 23 నిమిషాల బలహీన సంకేతం దొరికింది. మరో గ్రహం నేల మీదినుంచి భూమికి అందిన తొలి కబురు అదే. అరగంట పనిచేస్తే చాలనుకుని పంపిన వెనెరా-13 1982లో ఆ నేల మీద రెండు గంటలకు పైగా నిలిచి రంగు ఫొటోలు పంపింది.

దీనివల్ల మనకు ఒరిగిందేమిటి? సూర్యుడికి ఇంకా దగ్గరున్న బుధుడికన్నా శుక్రుడే ఎక్కువ వేడి. దాని గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్, అది వేడిని బయటికి పోనివ్వదు. భూతాపం గురించి 1988లో అమెరికా సెనేట్ ముందు సాక్ష్యమిచ్చిన జేమ్స్ హాన్సెన్ పరిశోధన మొదలుపెట్టింది శుక్రుడి వాతావరణంతోనే. రేపోమాపో భూమి శుక్రుడిలా అవుతుందన్న బెదిరింపులను నమ్మక్కర్లేదు. కానీ ఇంచుమించు ఒకే పరిమాణమున్న రెండు గ్రహాల్లో ఒకటి ఎందుకిలా మాడిపోయిందో తెలియకుండా, రెండోది ఎందుకు బతికి బట్టకట్టిందో తెలిసిందనుకోలేం.

పేద దేశానికి ఈ సోకు అవసరమా అన్నది పాత అభ్యంతరమే. మొత్తం ఖర్చును జనాభాతో భాగిస్తే తలకు తొమ్మిది రూపాయలు కూడా పడదు. దాన్ని ఆపినంత మాత్రాన ఏ ఆస్పత్రిలోనూ మంచాలు పెరగవు. ఇతర దేశాలు పంపుతున్నాయిగా, ఆ సమాచారం తీసుకుంటే సరిపోదా అన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిది. ఒకసారి చూస్తే అయిపోయే గ్రహమైతే సరిపోయేది. అమెరికా పంపిన మెజెల్లాన్ 1991లో రాడార్‌తో తీసిన చిత్రాలను శాస్త్రవేత్తలు మళ్లీ పోల్చి చూస్తే, మాట్ మోన్స్ దగ్గరి ఒక అగ్నిపర్వత బిలం ఎనిమిది నెలల్లోనే ఆకారం మారినట్టు తేలింది. ఆ ఫలితం వెలువడింది 2023లో. నేలమీద దిగే నౌక జోలికి తొందరపడి పోకుండా, ముందు మబ్బులను చీల్చి చూసే రాడార్‌ను కక్ష్యలోకి పంపాలన్న ఇస్రో నిర్ణయం నాకు నచ్చింది అందుకే. మాట్ మోన్స్ లాంటి చోట్లు ఇప్పుడెలా ఉన్నాయో చూడాలంటే అక్కడ మళ్లీ ఒక రాడార్ తిరగాలి.