పెరటి చెట్టు, పక్కింటి వదినె

నాలుగైదు రోజులకోసారి నీళ్లొచ్చే నల్లా కాడ మా షోలాపూర్‌ల మాట్లాడుకోని ముచ్చట ఉండదు. మొన్న ఆ నల్లా కాడనే మా పక్కింటి వదినె ఒక మాటన్నది. అది అప్పటిసంది నన్ను కుదురుగ కూసోనిస్తలేదు.

సంగతేందంటే, మా గల్లీల ఒక పిల్ల సైకాలజీతోని బీఏ పాసైంది. ఇంకా పై చదువు చదివి కౌన్సిలర్ అయితనంటున్నది. అయినంక పుణె పోదట, ముంబయి పోదట. ఈ పద్మనగర్, దత్తనగర్, అశోక్ చౌక్ గల్లీలల్ల మన తెలుగోళ్ల నడుమనే పనిచేస్తదట. నాకు మస్తు సంబురమై ఆ ముచ్చట నల్లా కాడ చెప్పిన. వదినె బిందె కింద పెట్టి, "ఏంది వదినె, ముచ్చట పెట్టుడు నేర్చుకునేతందుకు ఇంకో రెండేండ్లు కాలేజీకి పోవాల్నా? మేం బీడీలు చుట్టుకుంట పొద్దంత పెట్టేదేంది మరి?" అన్నది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

ఇంటికొచ్చినంక మాత్రం ఆ మాట మింగుడు పడలె.

వదినెను తక్కువ చేసి మాట్లాడుడు నాతోని కాదు. అరుగు మీద కూసోని తునికాకు కత్తిరించుకుంట, తంబాకు పోసుకుంట, మూతి ముడిచి దారం కట్టుకుంట వెయ్యి బీడీలు పూర్తయ్యేలోపు ఆమె ముగ్గురు కోడండ్ల దుఃఖం వింటది, ఇద్దరు అత్తల కోపం సల్లారుస్తది. అర్ధరాత్రి పక్క ఖోలీల కొట్లాటైతే మొదలు తలుపు కొట్టేది ఆమెనే. ఇన్నేండ్లు మా గల్లీల ఆడోళ్లు గుండె చెదరకుండ నిలబడ్డరంటే ఆ అరుగుల పుణ్యమే. కాబట్టి వదినె మాటల సగం నిజమున్నది. మిగిలిన సగం కాడనే నాకు పేచీ.

ఆ సగానికి మన పెద్దోళ్లు ఎప్పుడో సామెత కట్టి పెట్టిండ్రు: పెరటి చెట్టు మందుకు పనికిరాదు.

ఎందుకు పనికిరాదు? ఆ చెట్టు మన కండ్ల ముంగట మొలిచింది. దాని కొమ్మకు బట్టలారేసినం, దాని నీడల పిల్లలను ఆడిచ్చినం. అసుంటి చెట్టు ఆకుల మందుందంటే నమ్మబుద్ధి కాదు. అదే ఆకును ఎండబెట్టి, దంచి, సీసాల పోసి పుణెల అమ్మితే బస్సెక్కి పోయి కొనుక్కొస్తం. ఈ పిల్ల సంగతి గూడ గట్లనే ఉన్నది. ముక్కు కార్చుకుంట మన ముంగట ఉరికిన పిల్ల, వాళ్లమ్మ బీడీ పైసలతోని ఫీజులు కట్టుకున్న పిల్ల. ఆమె ముంగట కూసోని మన కడుపుల మాట చెప్పాల్నా అని మనకు నామోషీ.

ఆమెకు ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో చెప్తా వినుండ్రి. ఆమెనడిగే రాస్తున్న. కాలేజీ అప్లికేషన్‌ల ఒక కాగితం రాయమన్నరట, ఈ కోర్సు ఎందుకు తీసుకుంటున్నవని. మరాఠీల రాసుకొని, నాకు తెలుగుల చెప్పింది. తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు వాళ్ల నాయినమ్మను దవాఖానకు తీస్కపోయిందట. ముసలామెకు నెలల సంది నిద్ర లేదు, తిండి సయిస్తలేదు, ఒకటే గుండె దడ. డాక్టర్ మంచిగనే అడిగిండట, మరాఠీల. నాయినమ్మకు మరాఠీ అసలుకే రాదని కాదు. కూరగాయలు బేరమాడే మరాఠీ వస్తది, బీడీల లెక్క అడిగే మరాఠీ వస్తది. లోపటి బాధ చెప్పుకునే మరాఠీ రాదు. అందుకని నడుమ ఈ పిల్ల. డాక్టర్ మాటను తెలుగుల ఆమెకు, ఆమె మాటను మరాఠీల డాక్టర్‌కు. "ఇంట్ల ఏమన్న బాధున్నదా?" అని డాక్టర్ అడిగితే, నాయినమ్మ మనవరాలి మొఖం చూసి, "ఏం లేదు బిడ్డా, మోకాళ్లు నొస్తున్నయని చెప్పు" అన్నదట. కొడుకు తాగొచ్చి చెయ్యెత్తుతున్నడని మనవరాలి నోటితోని ఎట్ల చెప్పిస్తది? ఆ కొడుకు ఈ పిల్ల తండ్రే నాయె.

ఆ దినం ఆ గదిల తెలుగొచ్చే మనిషి, మా ఇంటిది కాని మనిషి ఒక్కరుంటే నాయినమ్మ అంత చెప్పేది, అందుకే ఆ కుర్చీల నేను కూసుంట అని రాసింది. సమాజసేవ అని పెద్ద పెద్ద మాటలేం పెట్టలె. నాకైతే ఇంతకన్న గట్టి కారణం ఇంకోటి తోచలె.

ఇది చదివే హైదరాబాదోళ్లకు, విజయవాడోళ్లకు ఒక మాట. షోలాపూర్‌ల ఇంతమంది తెలుగోళ్లేందని అడుగుతుంటరు. 1877ల ఇక్కడ మొదటి బట్టల మిల్లు నడిచింది, ఇప్పటికీ దాన్ని జునీ మిల్లనే అంటరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కు నుంచి మన పద్మశాలోళ్లు మూటలు కట్టుకొని వచ్చిండ్రు. మిల్లులు ఒకటెనుక ఒకటి మూతవడ్డయి. మగ్గాలు పోయి పవర్‌లూమ్‌లు వచ్చినయి. షోలాపూర్ చద్దర్, టవల్ అంటే దేశమంత ఎరుక, వాటికి జీఐ గుర్తింపు గూడ వచ్చింది. మగోళ్లు కార్ఖానాల, ఆడోళ్లు బీడీల మీద. మూడు నాలుగు తరాలైనా ఇంట్ల మాట తెలుగే, ఏడ్చేది గూడ తెలుగులనే.

మళ్ల వదినె కాడికొస్త. ఆమె మాటల సగం నిజమన్న గదా, దానికి సాక్ష్యం జింబాబ్వే నుంచి తెస్త. ఆ దేశంల మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. 2006ల డిక్సన్ చిబండా అనే డాక్టర్ హరారే పట్నంల ఎంబారే అనే బస్తీల 14 మంది అవ్వలను కూడగట్టిండు. దవాఖాన ఆవరణల ఒక బెంచీ వేసి, బాధున్నోళ్లు వచ్చి అవ్వ పక్కన కూసోని మాట్లాడే ఏర్పాటు చేసిండు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని పేరు. 573 మంది మీద పరీక్షించి చూస్తే, మామూలు వైద్యం దొరికినోళ్ల కన్న ఈ బెంచీ మీద కూసున్నోళ్లకు బాధ బాగ తగ్గిందని తేలింది. ఆ సంగతి 2016ల అమెరికా డాక్టర్ల పత్రిక జామాల అచ్చయింది.

"మరి నేనన్నదేంది?" అంటది వదినె. ఆగు వదినె. ఆ అవ్వలను ఊకెనే కూసోబెట్టలె, ముందుగాల నేర్పిండ్రు. ఎదుటి మనిషి చెప్పేది మొత్తం వినుడు. పది బాధలల్ల ఒక్కదాన్ని పట్టుకొని, దారి ఆమెతోనే వెతికించుడు. తమతోని కాని కేసును పెద్ద డాక్టర్‌కు పంపుడు. మనం చేసేదేంది? ఎదుటామె సగం చెప్పకముందే "సర్దుకపో బిడ్డా, నేను పడలేదా" అంటం. అది ఓదార్పే, కాదనను. కానీ రాత్రి దెబ్బలు తిని పొద్దున అరుగు మీదికొచ్చిన పిల్లకు సర్దుకపొమ్మని చెప్తే, ఆ పిల్ల మళ్ల నోరిప్పదు.

ఇంకోటి, సామెతల మన పెద్దోళ్లు చెప్పకుండ వదిలేసిన సంగతి. పెరటి చెట్టు దగ్గరున్నదని మాత్రమే మనకు అలుసు కాదు, దాని ఆకు ఎవరు తెంపుతున్నరో పక్కింటోళ్లకు కనవడ్తది. మా గల్లీల ఖోలీకి ఖోలీకి నడుమ ఒకటే గోడ. పొద్దున అరుగు మీద చెప్పిన మాట మాపటికి కార్ఖానా దాక పోతది. పెండ్లి కావాల్సిన పిల్ల నిద్ర వడ్తలేదని ఎవరితోనన్న అంటే, వచ్చే సంబంధం ఆగిపోతదని తల్లికి భయం. అందుకే జనం పుణె సీసా మందుకు ఉరుకుతరు. అక్కడ ఎవరు చూడరు. పోయేటందుకు కిరాయి, ఫీజు ఉన్నోళ్ల సంగతి అది. లేనోళ్లు మింగి ఊకుంటరు.

ఆ పిల్ల నేర్చుకునేది గిదే. విన్న మాటను విన్నకాడనే ఉంచుడు. అది వదినెకు రాదు, నాకు గూడ రాదు, నల్లా కాడున్నోళ్లెవరికీ రాదు. అది చదువుతోని, అలవాటుతోని వచ్చేది. పిల్లనడిగిన, నువ్వీ గల్లీ దానివే గదా, నీ దగ్గరికి ఎవరొస్తరని. "పద్మనగర్ల పుట్టినదాన్ని దత్తనగర్ల కూసుంట అత్తా, దత్తనగర్ పిల్ల పద్మనగర్ల కూసుంటది" అన్నది. ఇరవై ఒక్క ఏండ్ల పిల్ల ఇంత ఆలోచించింది.

ఇదంత మాపటికి వదినెకు చెప్పిన. ఓపికగ విన్నది. విని, "అంత నిజమే గానీ, మన దాంట్ల పిచ్చోళ్లెవరున్నరు వదినె?" అన్నది.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఆమె ఒక్కదాని మీద కాదు, మనందరి మీద. పిచ్చి అనే ఒక్క మాట కింద అన్ని బాధలను తొక్కి పెట్టినం. బెంగుళూరు నిమ్హాన్స్ దవాఖాన వాళ్లు 2015-16ల 12 రాష్ట్రాలల్ల సర్వే చేస్తే, పెద్దోళ్లల్ల నూటికి పది మందికి పైగ ఏదో ఒక మానసిక బాధ ఉన్నదని తేలింది. తాగుడు రోగంగ మారినోళ్లల్ల నూటికి 86 మందికి ఏ వైద్యం అందుతలేదు. ఆ 86 మందిల మా గల్లీ మగోళ్లు లేరని ఎవరన్న గుండె మీద చెయ్యేసుకొని చెప్పుండ్రి. పన్నెండు గంటలు పవర్‌లూమ్ చప్పుడుల నిలవడి, ఆర్డర్ లేక షిఫ్టు పోతే, తీసుకున్న అడ్వాన్స్ తీర్చలేక, ఇంటికొచ్చి ఎవనితోని మాట్లాడుతడు? పదో తరగతి ఫెయిలైన పిల్లగాడు వారం రోజులు గోడ దిక్కు తిరిగి పండుకుంటే "బద్ధకం" అని తిట్టేది మనమే గదా? జరగరానిది జరిగినంక గల్లీ గల్లీ కదిలొచ్చి, ఎవరి దిష్టో తగిలిందని ఏడుస్తం. ముందుగాల ఒక్క తలుపు తెరిచి పెట్టలేనోళ్లం, తర్వాత ఇంతమందిమి ఎందుకొస్తున్నం?

తలుపు తెరిచి పెట్టుమని కోర్టు గూడ చెప్పింది. నీట్ చదువుతందుకు వైజాగ్‌కు వచ్చిన 17 ఏండ్ల పిల్ల హాస్టల్‌ల ఉండంగ ప్రాణం పోగొట్టుకున్నది. ఆ కేసుల 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: 100 మంది లేదంటే అంతకు మించి పిల్లలున్న చదువుల సంస్థ ఏదైనా చదువుకున్న కౌన్సిలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో ఒకరినన్న పెట్టుకోవాలె. వైద్యం అందుకునుడు మనిషి హక్కని 2017 మానసిక ఆరోగ్య చట్టం ముందే రాసింది. కాగితం మీద అన్ని ఉన్నయి. నేషనల్ హెల్త్ మిషన్‌ల కౌన్సిలర్ పోస్టులు గూడ ఉన్నయి గానీ కాంట్రాక్టువి. రెండేండ్లు చదివిన పిల్ల ఎన్నేండ్లు కాంట్రాక్టు మీద బతుకుతది? చివరికి ఆమె గూడ పుణె బస్సెక్కుతది. అప్పుడు మనమే అంటం, చదువుకున్నోళ్లు ఊరిని మరిచిండ్రని. చెట్టుకు నీళ్లు పోయకుండ, కాయలు కాస్తలేదని తిట్టుడు ఏం న్యాయం?

మనకు చేతకాదా అంటే, ఎంత చేసిండ్రు మన ముందటోళ్లు! కుచన్ ప్రశాల అనే బడి ఉన్నది, ఆడపిల్లల కోసం బుర్లా మహిళా కాలేజీ ఉన్నది, మార్కండేయ దవాఖాన ఉన్నది. ఎర్రజెండా పట్టుకొని కొట్లాడితే బీడీ కార్మికులకు 2006ల కుంభారి కాడ పదివేల ఇండ్లు వచ్చినయి. 2024 జనవరిల రేనగర్ల ఇంకో 15,000 ఇండ్ల తాళాలు ఇచ్చిండ్రు. పాతికవేల ఇండ్లు కట్టించుకున్న జనం, ఒక గది సంపాదించలేదా? తలుపు పెట్టుకుంటే మాట బయటికి పోని ఒక్క గది, తెలుగు మాట్లాడే ఒక్క మనిషి, నెలనెలా ఆగకుండ జీతం. నేనడిగేది గంతే.

రాఖీపున్నమకు మార్కండేయ రథం తీస్తం. దానికి ముందు అన్ని గల్లీలల్ల మీటింగులు అయితయి, చందాలు రాస్తరు. ఈసారి ఆ మీటింగుల ఈ మాట లేవనెత్తుండ్రి. మీ పిల్లలు చదివే బడికి పోయి, మీ దగ్గర కౌన్సిలర్ ఎవరున్నరు, ఏ దినం వస్తరు, తెలుగొస్తదా అని అడుగుండ్రి. లేరంటే ఎందుకు లేరో రాసియ్యమనుండ్రి. ఒక్కరు అడిగితే నవ్వుతరు, పదిమంది తల్లులు పోయి నిలవడితే నవ్వరు. వదినెను నేను తోల్కొస్త. ఆమె మాట మీద మా గల్లీ ఆడోళ్లంత లేస్తరు.

అప్పటిదాక, ఇంట్ల ఎవరికన్న మనసు బాగలేకపోతే 14416 నంబర్‌కు ఫోన్ చేయుండ్రి. టెలీ మానస్ అంటరు, 2022 అక్టోబర్ 10 సంది నడుస్తున్నది. రాత్రి పగలు ఎప్పుడన్న ఎత్తుతరు, పైసలు వడయి, తెలుగుల మాట్లాడొచ్చు.