మందు లేకుండానే పోయిన జబ్బు

పిల్లలూ, మీరు దిగుడుబావిని చూశారా? అది చేదబావిలాంటిది కాదు. దానికి గిలకా ఉండదు, చేదా ఉండదు. ఒక పక్కనుంచి నీటిదాకా రాతిమెట్లు ఉంటాయి. నీళ్ళు కావలసినవారు మెట్లు దిగి, నీటిలో నిలబడి, బిందె ముంచుకుని పైకి వస్తారు. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. కాని ఒకప్పుడు ఇటువంటి బావుల నుంచే నారి కురుపు అనే పాడు జబ్బు ఊళ్ళకు అంటుకునేది.

ఈ జబ్బు కలిగించేది ఒక పురుగు. నూలుపోగులాగా తెల్లగా, సన్నగా, దాదాపు మీటరు పొడవుంటుంది. అది మనిషి కాలిలోకి ఎట్లా వస్తుందో వేల ఏళ్ళపాటు ఎవరికీ అంతు పట్టలేదు. 1870 ప్రాంతంలో ఫెడ్చెంకో అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు మధ్య ఆసియాలో ఆ రహస్యం కనిపెట్టాడు. నీటిలో సైక్లాప్స్ అనే అతి చిన్న జీవులుంటాయి. వీటికి ఒకటే కన్ను. గ్రీకు కథల్లోని ఒంటికంటి రాక్షసుడి పేరే వీటికి పెట్టారు. నారి పురుగు పిల్లలను ఈ సైక్లాప్స్ మింగుతుంది. ఆ నీళ్ళను మనిషి తాగుతాడు. అతని కడుపులో సైక్లాప్స్ చస్తుంది గాని, దానిలోని పురుగు పిల్ల చావదు. పేగును తొలుచుకుని ఒంట్లోకి జొరబడుతుంది. ఏడాదిపాటు అది లోపల పెరుగుతున్నట్టే తెలియదు.

తరవాత ఒకనాడు పాదంమీదనో, పిక్కమీదనో బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట! ఆ మంటకు ఓర్వలేక మనిషి ఏం చేస్తాడు? కాలు తీసుకుపోయి చల్లని నీళ్ళలో పెడతాడు. పురుగుకు కావలసింది కూడా సరిగ్గా అదే. బొబ్బ పగిలి, ఆడపురుగు బయటికి వచ్చి, లక్షలకొద్దీ పిల్లలను నీటిలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ మింగుతుంది. ఆ నీళ్ళను ఊరు తాగుతుంది. మెదడనేదే సరిగా లేని పురుగుకు ఇంత ఉపాయం ఎట్లా అబ్బిందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పురుగును ఒక్క గుంజున లాగరాదు. లాగితే తెగుతుంది, తెగితే కాలు వాచి చీము పడుతుంది. అంచేత దాన్ని చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా తీయాలి. దీనికి వారాలు పడుతుంది. ఇప్పటికీ అంతకన్న మంచి దారి లేదు. పురుగును చంపే మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చినవాడికి మళ్ళీ రాదనే ధీమా కూడా లేదు.

ఈ జబ్బుతో మనిషి చావటం అరుదు. అందుకే కాబోలు, చాలాకాలం దీన్ని పట్టించుకున్నవారు లేరు. కాని పొలం పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో తండ్రి మంచం పడితే ఆ ఏడు ఇంట్లో గింజలుండవు. అతని బదులు పొలానికి పోయే పిల్లవాడికి బడి ఉండదు. మాలీ దేశంలో దీన్ని "ఖాళీ గాదె జబ్బు" అనేవారు. పెరట్లో చేదబావి ఉన్నవాడికి దీని భయం లేదు. దిగుడుబావీ, కుంటా తప్ప మరో నీరు లేనివాడికే ఈ బాధంతా.

మన దేశంలో 1983-84లో ప్రభుత్వం ఈ పురుగుమీద యుద్ధం ప్రారంభించింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఈ జబ్బుండేది. మందే లేని జబ్బుతో యుద్ధమేమిటంటారా? గుడ్డతో! సన్నని నేత గుడ్డను మడతపెట్టి నీళ్ళు వడకడితే సైక్లాప్స్ గుడ్డమీదే ఉండిపోతుంది. దిగుడుబావుల మెట్లు మూసి, వాటిని చేదబావులుగా మార్చారు. చేతిపంపులు వేశారు. సైక్లాప్స్‌ను చంపే మందు నీళ్ళలో కలిపారు. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, ఎవరి కాలికైనా బొబ్బ లేచిందా అని అడిగారు. ఇదంతా చెప్పుకున్నంత తేలికగా జరగలేదు. తాతముత్తాతలు తాగిన బావిలో పురుగున్నదంటే ఎవరు నమ్ముతారు? అందులోనూ, నీళ్ళు తాగేది ఈ ఏడు, బొబ్బ లేచేది వచ్చే ఏడు!

ఆఖరి రోగి 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించాడు. ఆ తరవాత కూడా, రోగిని చూపినవారికి బహుమానమిస్తామని చాటి మరీ వెతికారు. ఒక్కరూ దొరకలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో నారి కురుపు లేదని ప్రకటించింది.

ఆఫ్రికాలో మాత్రం పని ఇంకా మిగిలి ఉన్నది. 1986లో ప్రపంచం మొత్తంమీద సుమారు 35 లక్షలమంది దీనితో బాధపడేవారని అంచనా. 1995లో సూడాన్‌లో అంతర్యుద్ధం సాగుతూండగా, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ రెండు పక్షాలతోనూ మాట్లాడి కొన్ని నెలలపాటు తుపాకులు దింపించాడు. ఒక పురుగు కోసం యుద్ధం ఆగింది! ఆ వ్యవధిలో కార్యకర్తలు ఊళ్ళలోకి పోయి వడపోత గుడ్డలు పంచారు. పశువులను తోలుకుని తిరిగేవారికి మెడలో వేలాడేసుకునే గొట్టాలు కూడా తయారయ్యాయి. గొట్టంలో జల్లెడ లాంటి గుడ్డ ఉంటుంది. ఎక్కడ నీరు కనిపించినా దానితో పీల్చి తాగవచ్చు.

2023లో ప్రపంచమంతటా ఈ జబ్బు వచ్చినవారు 14 మంది. 2024లో 15 మంది. అంకె సున్నాకు దిగనంటున్నది. ఎందుకంటే పురుగు మరొక ఇల్లు చూసుకున్నది. చాద్ దేశంలో కుక్కలకు కూడా నారి పురుగు ఉన్నట్టు 2012లో బయటపడింది. అక్కడి వారు కుక్కలను చెరువులకు పోనివ్వకుండా కట్టేస్తున్నారు. చేపల పేగులను అవి తినకుండా గోతిలో పాతిపెడుతున్నారు.

మీ తాతగారినో, అమ్మమ్మనో అడిగి చూడండి: వారి ఊళ్ళో దిగుడుబావి ఉండేదా? దాని మెట్లు ఎప్పుడు మూశారు?